రెట్ట ఎముక వంగుతుంటే చురకలు కాదు, ఎక్స్‌రే తీయించాలి

ఎముకలో కూల్చివేత, కట్టుబడి లెక్క తప్పితే వచ్చే పేజెట్ వ్యాధి
పూర్తిగా పోదు, కాని అదుపులో ఉంచవచ్చు

బీడీ చుట్టాలన్నా, మరమగ్గం నడపాలన్నా, పత్తి ఏరాలన్నా, మోకు పట్టి తాడెక్కాలన్నా చేతులే ఆధారం. కోరుట్ల, నిర్మల్ బీడీ కార్మికులు మొదలు సిరిసిల్ల నేతన్నలు, గోదావరిఖని బొగ్గుగని కార్మికులు, ఆదిలాబాద్ పత్తి రైతుల దాకా అందరిదీ రెక్కల కష్టమే. రెక్కాడితే గాని డొక్కాడదన్న సామెతను ఇక్కడి వారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. అటువంటి చోట ఇంటి పెద్ద చెయ్యి ఒకటి నెలల తరబడి నొప్పి పెడితే ఆ బాధ ఆయన ఒక్కడిదే కాదు, ఇంటిల్లిపాదిదీ.

కాని చెయ్యి నొప్పి అనగానే మన పల్లెల్లో జరిగేదేమిటి? "వాతం పట్టింది" అంటారు ఒకరు. "నరం పట్టింది, మాలీషు చేయించు" అంటారు ఇంకొకరు. "వయసు మీద పడ్డది గదా పెద్దయ్యా, ఇంతే ఉంటది" అని ఊరి ఆర్‌ఎంపీ ఒక సూది వేసి పంపిస్తాడు. అప్పటికీ తగ్గకపోతే పసరు కట్టు, ఆ తర్వాత చురకలు. చెయ్యి వంకర తిరుగుతుంటే ఎవరో చేతబడి చేశారనే అనుమానం కూడా మొదలవుతుంది. ఇన్ని చేసినా ఒక్క ఎక్స్‌రే తీయించరు. దాంతో ఏళ్లు గడిచిపోతాయి.

చెయ్యి నొప్పుల్లో ఎక్కువ భాగం కండరాలవి, కీళ్లవి, మెడ నరాలవి. అవి మామూలు వైద్యంతో తగ్గుతాయి. కాని యాభై ఏళ్లు దాటిన వారిలో ఒకే చేతి ఎముక లోలోపల నొప్పి పెడుతూ, ముట్టుకుంటే వేడిగా ఉంటూ, లావెక్కి మెల్లగా వంగుతుంటే దాన్ని వయసు మీదికి నెట్టి ఊరుకోరాదు. అలాంటి లక్షణాలు గల వ్యాధుల్లో ఒకటి పేజెట్ వ్యాధి. మన దేశంలో ఇది అరుదు. అరుదు కాబట్టే ఎవరికీ గుర్తుకు రాదు. గుర్తుకు రాకపోవడం వల్లనే నష్టం జరుగుతుంది.

ఎముక రాయి కాదు

ఎముక అంటే రాయిలా ఎప్పటికీ ఒకే తీరున ఉండేదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ప్రాణమున్న పదార్థం. పాత పెంకుటింటిని ఏటా కొంత విప్పి మరమ్మతు చేసుకున్నట్టే శరీరం కూడా ఎముకలను నిత్యం బాగు చేసుకుంటూ ఉంటుంది. పెద్దవారి శరీరంలో ఒక ఏడాదిలో మొత్తం ఎముకలో సుమారు 10 శాతం పాతది పోయి కొత్తది వస్తుందని అంచనా.

ఈ పనికి ఎముకలో రెండు రకాల కణాలున్నాయి. ఒక రకం కూల్చే కూలీలు. పాతబడిన ఎముకను కొంచెం కొంచెంగా తొలగించడం వీరి పని. రెండో రకం కట్టే సుతారి మేస్త్రీలు. కూల్చిన చోటల్లా కొత్త ఎముక పోసి, సున్నంతో గట్టి చేయడం వీరి పని. కూల్చినంతే కట్టాలి, కట్టినంతే కూల్చాలి. ఈ లెక్క సరిపోయినంత కాలం మనకు ఏమీ తెలియదు.

పేజెట్ వ్యాధిలో ఈ లెక్క తప్పుతుంది. ముందుగా కూల్చే కణాలు మామూలు కంటె పెద్దవై, సంఖ్యలో పెరిగి, ఒకచోట ఎడాపెడా ఎముకను తినేస్తాయి. దాన్ని పూడ్చడానికి కట్టే కణాలు హడావుడిగా పని మొదలుపెడతాయి. తొందర పడ్డ మేస్త్రి కట్టిన గోడ ఎలా ఉంటుంది? రాళ్లు వరసలో ఉండవు, మట్టి ఎక్కువ, గట్టిదనం తక్కువ. ఈ ఎముక కూడా అంతే. చూడడానికి లావుగా ఉంటుంది గాని బలం ఉండదు. బరువుకు వంగుతుంది, చిన్న దెబ్బకు విరుగుతుంది. ఆ చోట కొత్త రక్తనాళాలు కూడా ఎక్కువగా పుట్టుకొస్తాయి. ముట్టుకుంటే వేడిగా తగలడానికి కారణం ఇదే.

ఈ వ్యాధి శరీరంలోని ఎముకలన్నిటికీ రాదు. కొందరిలో ఒక్క ఎముకకే, మరికొందరిలో రెండు మూడు చోట్ల వస్తుంది. ఎక్కువగా కటి ఎముక, వెన్నెముక, తొడ ఎముక, కాలి ఎముక, పుర్రెలలో కనబడుతుంది. చేతిలో రావడం వాటికంటె తక్కువ. వస్తే ఎక్కువగా రెట్ట ఎముకకు వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే భుజాస్థి అంటారు. ముంజేతి ఎముకలకూ రావచ్చు. ఒక ఎముకకు వచ్చిన వ్యాధి పక్క ఎముకకు పాకుతుందన్న భయం అనవసరం. మొదట ఏ ఎముకలకు వచ్చిందో సాధారణంగా వాటిలోనే ఉంటుంది.

ఆ పేరు ఎలా వచ్చింది?

లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో సర్ జేమ్స్ పేజెట్ అనే శస్త్ర వైద్యుడు ఉండేవారు. ఆయన ఒక రోగిని సుమారు ఇరవై ఏళ్లపాటు గమనించారు. ఆ రోగి కాళ్లు మెల్లగా వంగాయి. తల పెరిగి పాత టోపీలు పట్టకుండా పోయాయి. 1876లో పేజెట్ ఈ వివరాలను వైద్యుల సభలో చదివారు. మరుసటి ఏడు అవి అచ్చయ్యాయి. అప్పటినుంచి ఆ వ్యాధికి ఆయన పేరే స్థిరపడింది.

ఆ రోగి చివరకు ఎలా చనిపోయాడన్నది చెయ్యి బాధ ఉన్నవారు తెలుసుకోదగ్గది. 1876 ఆరంభంలో అతని ఎడమ ముంజేతిలో నొప్పి, వాపు మొదలై వేగంగా పెరిగాయి. అది ఎముక క్యాన్సర్. కొద్ది నెలల్లోనే అతను కన్నుమూశాడు. పేజెట్ వ్యాధి ఉన్నవారందరికీ ఇలా జరుగుతుందని భయపడనక్కర లేదు. ఇది వందలో ఒకరికన్నా తక్కువ మందిలో జరిగే విషయం. అయితే అలా మారే సందర్భాల్లో రెట్ట ఎముక కూడా ముఖ్యమైన చోటని వైద్యుల అనుభవం. ఎన్నో ఏళ్లుగా ఒకే తీరున ఉన్న నొప్పి హఠాత్తుగా ఎక్కువైతే ఆలస్యం చేయరాదనడం ఇందుకే.

మన దగ్గర ఉన్నదా?

ఇంగ్లండులోను, అక్కడినుంచి వెళ్లి స్థిరపడిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల వారిలోను ఈ వ్యాధి ఎక్కువ. ఆసియా దేశాల్లో బాగా తక్కువ. భారతదేశంలో లేదనే ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. కాని దక్షిణ భారతం నుంచి రోగుల వివరాలు క్రమంగా బయటికి వచ్చాయి. తెలుగువారు ఎక్కువగా వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు తమ వద్దకు వచ్చిన పేజెట్ రోగుల అనుభవాన్ని 2006లో వైద్య పత్రికలో ప్రచురించారు. అంటే వెతికితే మన వైపు కూడా కనబడే వ్యాధే ఇది.

ఎందుకు వస్తుందనే దానికి పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. 2002లో దీనికి సంబంధించిన ఒక జన్యువును కనుగొన్నారు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా అంటదు. ఎవరో చేసిన చేతబడి వల్లగాని, చేసుకున్న పాపం వల్లగాని వచ్చేది అంతకన్నా కాదు. సాధారణంగా యాభై దాటినవారికి వస్తుంది. ఆడవారికంటె మగవారిలో కొంచెం ఎక్కువ.

చేతికి వస్తే ఎలా తెలుస్తుంది?

ఈ వ్యాధి ఉన్న చాలామందికి ఏ బాధా ఉండదు. వేరే కారణానికి తీసిన ఎక్స్‌రేలోనో రక్త పరీక్షలోనో అనుకోకుండా బయటపడుతుంది. బాధ ఉన్నవారిలో ముందుగా కనబడేది నొప్పి. అది పైపైన గుచ్చే నొప్పి కాదు. ఎముక లోపలినుంచి సలిపే నొప్పి. పని చేసినప్పుడే గాక విశ్రాంతిగా ఉన్నప్పుడు, రాత్రి పడుకున్నప్పుడు కూడా ఉంటుంది.

రెండు చేతులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. జబ్బు ఉన్న వైపు రెట్ట ఎముక లావుగా, కొంత వంగినట్టు ఉంటుంది. అరచేయి పెట్టి చూస్తే రెండో చేతికన్నా వెచ్చగా తగులుతుంది. వ్యాధి ఎముక కొస దాకా ఉంటే భుజం కీలు లేదా మోచేతి కీలు అరిగి, చెయ్యి పైకి ఎత్తడం, అంగీ తొడుక్కోవడం, జుట్టు ముడి వేసుకోవడం కష్టమవుతాయి. కొందరిలో తేలికపాటి దెబ్బకే ఎముక విరగడంతోనే జబ్బు సంగతి మొదటిసారి తెలుస్తుంది. పుర్రెకు కూడా వచ్చినవారికి చెవుడు రావచ్చు.

డాక్టరు వద్దకు వెళ్లినప్పుడు నాలుగు సంగతులు ముందే గుర్తు పెట్టుకొని చెప్పాలి. నొప్పి రెండు చేతుల్లో ఉన్నదా, ఒక్క చేతిలోనేనా? కీలు దగ్గరా, ఎముక నడుమనా? రాత్రి నిద్ర చెడగొడుతున్నదా? మొదలై ఎన్ని నెలలైంది? ఈ నాలుగు జవాబులు సరిగా చెబితే డాక్టరు పని సగం సులువవుతుంది.

ఫ్లోరైడ్ బాధతో పొరబడరాదు

మన తెలంగాణలో ఎముకల జబ్బు అనగానే ముందుగా మనసులో మెదిలేది ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లా బాధలు అందరికీ తెలిసినవే. ఈ జబ్బును దేశంలో మొదట 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. మన ప్రాంతానికీ ఇది కొత్త కాదు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని బాసర ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పరిస్థితిపై పరిశోధకుల పరిశీలన 2017లో అచ్చయింది. పాత కరీంనగర్ జిల్లాలో కూడా కొన్ని పల్లెల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకుంటే 1.5 మిల్లీగ్రాముల దాకా తాగవచ్చని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయం.

రెండూ ఎముక కట్టుబడిని చెడగొట్టేవే. కాని తేడాలున్నాయి. ఫ్లోరైడ్ నీటి ద్వారా ఒళ్లంతా చేరుతుంది కాబట్టి వెన్ను, మెడ, నడుము, రెండు వైపుల కీళ్లు బిగుసుకుంటాయి. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది. చిన్నప్పటినుంచి ఆ నీళ్లు తాగినవారి పళ్లపై పసుపు, గోధుమ రంగు చారలుంటాయి. ఒకే నీళ్లు తాగే ఇరుగుపొరుగు వారిలో కూడా అవే బాధలు కనబడతాయి. పేజెట్ వ్యాధి అలా కాదు. ఒకే వైపు ఒకే ఎముకను పట్టుకోవచ్చు. ఊరందరిలో ఒక్కరికే రావచ్చు. ఫ్లోరైడ్ బాధకు ముందు నీళ్లు మార్చాలి. పేజెట్ వ్యాధికి నీళ్లు మార్చితే ప్రయోజనం లేదు, మందు కావాలి. అందువల్ల ఏది ఏదో తేల్చుకోవడం అవసరం.

ఇదే తీరు బాధ కలిగించే జబ్బులు మరికొన్ని ఉన్నాయి. ఎముకకు క్షయ సోకితే వాపుతో పాటు సన్న జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. విటమిన్-డి కొరత వల్ల ఎముకలు మెత్తబడి ఒళ్లంతా నొప్పులు వస్తాయి. ఇది మన దగ్గర చాలా ఎక్కువ. వయసు మళ్లిన మగవారిలో ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్ ఎముకకు పాకితే ఎక్స్‌రేలో ఇంచుమించు పేజెట్ లాగే కనబడవచ్చు. ఇన్ని ఉన్నందునే చేత్తో పట్టి చూసి ఫలానా అని తేల్చడం ఎవరి వల్లా కాదు.

చురకలు, మాలీషు చేసే చెరుపు

కాల్చిన ఇనుప కడ్డీతో చురక పెట్టిస్తే నొప్పి తగ్గిందని చెప్పేవారు ఊరికొకరు ఉంటారు. కొత్త మంట ముందు పాత నొప్పి కొన్నాళ్లు మరుగున పడడమే అక్కడ జరిగేది. చురక తోలును దాటి ఎముక కణాల దాకా చేరదు. పైగా పుండు పడి చీము పట్టవచ్చు. చక్కెర జబ్బు ఉన్నవారికి ఆ పుండు మానక చెయ్యికే ముప్పు తేవచ్చు.

మాలీషు కూడా ఇటువంటిదే. కండరం పట్టేస్తే నూనె మర్దన హాయిని ఇస్తుంది. కాని బలం లేని ఎముక ఉన్న చేతిని గట్టిగా పిసికి, మెలిపెట్టి, గుంజితే విరగవచ్చు. వంగిన చేతిని చక్కగా చేస్తామని బద్దలు పెట్టి బిగించి కట్టడం మరీ ప్రమాదం. ఎముక వంగింది లోపలి కట్టుబడి చెడి. పైనుంచి కట్టు కట్టి దాన్ని సరి చేయలేరు.

మూడోది నొప్పి మాత్రలు. కిరాణా కొట్టులో రంగురంగుల మాత్రలు కొని ఏళ్ల తరబడి మింగేవారున్నారు. ఎక్కువ కాలం మింగితే ఇవి కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బ తీస్తాయి. పేజెట్ వ్యాధికి ఉన్న మంచి మందును మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వరు. అంటే ఈవేళ ఉపశమనం కోసం మింగే మాత్ర, రేపు అసలు మందుకే దారి మూసివేయవచ్చు. ఈ సంగతి గ్రామీణులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

ఏ పరీక్షలు కావాలి?

మొదటిది ఎక్స్‌రే. రెట్ట మొత్తం, భుజం నుంచి మోచేయి దాకా వచ్చేట్టు తీయించాలి. ఈ వ్యాధిలో ఎముక లావుగా, గోడలు మందంగా, లోపలి గీతలు ముతకగా కనబడతాయి. తొలి దశలో తినేసిన భాగం అంచు గడ్డిపరక మొనలా ఉంటుంది. తెలిసిన డాక్టరు చాలా సందర్భాల్లో ఎక్స్‌రే చూసే గుర్తు పట్టగలరు.

రెండోది రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్ష. ఎముక కట్టే కణాలు ఎక్కువగా పని చేస్తుంటే ఇది పెరుగుతుంది. ఇది కాలేయం జబ్బుల్లోను, విటమిన్-డి కొరతలోను కూడా పెరుగుతుంది. అందుకే కాలేయ పరీక్ష, కాల్షియం, విటమిన్-డి, మూత్రపిండాల పరీక్ష కలిపి చేయించాలి. ఒక్క ఎముకలో కొంత భాగానికే వ్యాధి ఉంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి ఈ ఒక్క పరీక్ష బాగుందని జబ్బు లేదనుకోరాదు.

మూడోది ఎముకల స్కానింగ్. శరీరంలో ఇంకా ఏయే ఎముకలకు ఉన్నదో ఇది చూపుతుంది. అనుమానం మిగిలితే ఎముక ముక్క తీసి పరీక్షిస్తారు.

ఎక్స్‌రే, ఎముకల డాక్టరు సలహా కోసం కరీంనగర్‌లోని ప్రభుత్వ ప్రధాన ఆస్పత్రికి, ఆదిలాబాద్‌లోని రిమ్స్‌కు వెళ్లవచ్చు. సింగరేణి కార్మికులకు కంపెనీ ఆస్పత్రులున్నాయి. ఎముకల స్కానింగ్ వంటి పెద్ద పరీక్షలకు, గ్రంథుల వైద్య నిపుణుల సలహాకు హైదరాబాద్‌లోని నిమ్స్‌కు వెళ్లాల్సి రావచ్చు. ఆరోగ్యశ్రీ కింద ఏయే ఖర్చులు వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. పాత ఎక్స్‌రేలు, చీటీలు పారవేయక ఒక సంచిలో భద్రం చేసుకోవాలి. రెండేళ్ల కిందటి ఎక్స్‌రేను, నేటి ఎక్స్‌రేను పక్కపక్కన పెట్టి చూస్తే ఎముక ఎంత మారిందో డాక్టరుకు తెలుస్తుంది.

మందు ఏమిటి?

ఒకప్పుడు ఈ వ్యాధికి నొప్పి మాత్ర తప్ప వేరే ఏమీ లేదు. 1970 ప్రాంతాల్లో కాల్సిటోనిన్ సూదులు వచ్చాయి. ఆ తర్వాత బిస్‌ఫాస్ఫొనేట్లు అనే మందుల జాతి వచ్చింది. ఇవి ఎముకకు అంటుకొని, ఎముకను తినే కణాల పనిని ఆపుతాయి. కూల్చడం తగ్గితే కట్టే తొందర కూడా తగ్గుతుంది. కొత్తగా వచ్చే ఎముక మామూలు ఎముకకు దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు ముఖ్యంగా వాడేది జోలెడ్రోనిక్ యాసిడ్. 5 మిల్లీగ్రాముల మందును సెలైన్‌లాగా నరం ద్వారా కనీసం 15 నిమిషాలపాటు ఒక్కసారి ఎక్కిస్తారు. 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఈ ఒక్క సూదితో ఆరు నెలల తర్వాత నూటికి 96 మందిలో వ్యాధి అదుపులోకి వచ్చింది. రోజూ రిసెడ్రోనేట్ మాత్రలు మింగినవారిలో నూటికి 74 మందికి ఫలితం కనబడింది. సూది గుణం చాలామందిలో కొన్నేళ్లపాటు ఉంటుంది. రోజు కూలి మానుకొని మాటిమాటికీ పట్నం పోలేని వారికి ఇది అనుకూలం.

ఈ సూదికి ముందు మూడు జాగ్రత్తలు తప్పనిసరి. మూత్రపిండాల పరీక్ష చేయించాలి. విటమిన్-డి, కాల్షియం తక్కువగా ఉంటే ముందు వాటిని సరిచేయాలి. లేకుంటే సూది తర్వాత రక్తంలో కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోవచ్చు. డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు సూది తర్వాత కూడా కనీసం పది రోజులు వాడాలి. మూడోది పళ్లు. పుచ్చిన పన్ను పీకించవలసి ఉంటే ముందే పీకించుకోవాలి. ఈ మందు వాడినవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోవడం అరుదుగా జరుగుతుంది. గుట్కా, జర్దా అలవాటుతో చిగుళ్లు చెడినవారు ఇది మరువరాదు.

సూది వేసిన తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. మందు వికటించిందని బెదిరిపోనక్కర లేదు. మొదటిసారి వాడినవారిలో ఇది మామూలే. నీళ్లు బాగా తాగి, జ్వరం మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది.

మాత్రలు కూడా ఉన్నాయి. రిసెడ్రోనేట్ రోజుకు 30 మిల్లీగ్రాములు రెండు నెలలు, లేదా అలెండ్రోనేట్ రోజుకు 40 మిల్లీగ్రాములు ఆరు నెలలు ఇస్తారు. పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు మంచినీళ్లతో మింగాలి. చాయతో, పాలతో మింగితే మందు ఒంటికి పట్టదు. అరగంట దాకా ఏమీ తినరాదు, పడుకోరాదు. పడుకుంటే మాత్ర ఆహార నాళంలో ఆగి పుండు చేస్తుంది. ఎముకల గుల్లదనానికి వారానికి ఒకటి చొప్పున ఇచ్చే మాత్రలు ఇవే పేర్లతో దొరుకుతాయి. వాటి మోతాదు వేరు. కాబట్టి పక్కింటి వారి చీటీ చూసి మందు కొనరాదు.

వ్యాధి ఉన్న ప్రతి ఒక్కరికీ మందు అవసరం లేదు. నొప్పి ఉన్నవారికి మందు ముఖ్యం. బాధ ఏమీ లేనివారికి రక్త పరీక్ష లెక్క మామూలు చేయడం కోసమే మాటిమాటికీ మందు ఇచ్చినందువల్ల అదనపు మేలు కనబడలేదని బ్రిటన్‌లో 1,300 మందికి పైగా రోగులపై జరిపి 2010లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. అటువంటివారు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్ష చేయించుకుంటూ ఉంటే చాలు. ఎవరు ఏ కోవకు వస్తారో డాక్టరే నిర్ణయించాలి.

మందు ఒక పని చేయలేదు. ఇప్పటికే వంగిన ఎముకను చక్కగా చేయలేదు, అరిగిన కీలును తిరిగి ఇవ్వలేదు. అందుకే వంగకముందే వెళ్లడంలో లాభం ఉన్నది. ఎముక విరిగినా, కీలు పూర్తిగా పాడైనా ఆపరేషన్ చేస్తారు. ఈ ఎముకలో రక్తం ఎక్కువ కాబట్టి ఆపరేషన్‌లో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. వీలున్నప్పుడు ముందుగా మందు ఇచ్చి, వ్యాధిని అణచి, ఆపైన ఆపరేషన్ చేయడం పద్ధతి.

ఇంటి దగ్గర, పని దగ్గర

జబ్బు ఉన్నదని చేతిని జోలెలో వేసుకొని కూర్చోరాదు. కదలని కీలు బిగుసుకుపోతుంది, కండరం సన్నబడుతుంది. భుజం, మోచేయి రోజూ మెల్లగా కదిలించాలి. ఎలా కదిలించాలో ఫిజియోథెరపీ వారి వద్ద ఒకసారి నేర్చుకుంటే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

మానవలసినవి వేరు. బావి నుంచి నిండు బకెట్టు చేదడం, యూరియా బస్తా ఒంటి చేత్తో ఎత్తడం, గొడ్డలితో మొద్దులు కొట్టడం, పెనుగులాడే ఎద్దును పలుపు పట్టి ఆపడం వంటి హఠాత్తుగా గుంజుకునే పనులు ఆ చేతితో చేయరాదు. గీత కార్మికుడైతే ఆ చేయి నమ్ముకొని తాడెక్కడం ప్రాణానికే ముప్పు. బీడీలు చుట్టడం, విత్తనాలు ఏరడం వంటి తేలిక పనులు నడుమ నడుమ విశ్రాంతి తీసుకుంటూ చేసుకోవచ్చు. బరువును రెండో చేతికి, భుజానికి మార్చుకోవాలి. ఇంట్లో రాత్రిపూట వాకిట్లోకి వెళ్లే దారిలో వెలుతురు ఉండాలి. తడి బండల మీద జారిపడితే ముందుగా ఆనేది చెయ్యే.

తిండిలో పథ్యం ఏమీ లేదు. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ఆకుకూరలు తీసుకోవాలి. ఎముక లావెక్కుతున్నదని సున్నం ఉండే తిండి మానేయడం పొరపాటు. ఒంటికి ఎండ తగలడం మంచిదే. అయితే పొలంలో పని చేసేవారికి కూడా విటమిన్-డి తక్కువ ఉండవచ్చు కాబట్టి పరీక్ష మీదే ఆధారపడాలి.

చెయ్యి శాశ్వతంగా పని చేయకుండా పోయినవారు సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రానికి పరీక్ష చేయించుకోవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రత్యేక సౌకర్యాలున్నాయి.

ఆలస్యం చేయరానివి

పాత నొప్పి కొద్ది వారాల్లో బాగా ఎక్కువ కావడం, కొత్తగా గడ్డలాంటి వాపు రావడం, రాత్రంతా నిద్ర పట్టకపోవడం క్యాన్సర్ సూచనలు కావచ్చు. చిన్న దెబ్బకు చెయ్యి ఎత్తలేకపోతే ఎముక విరిగి ఉండవచ్చు. రెట్ట ఎముక విరిగినప్పుడు దాన్ని ఆనుకొని పోయే నరం దెబ్బతింటే మణికట్టు వాలిపోయి, వేళ్లు పైకి లేవవు. ఈ మూడింటిలో ఏది కనబడినా చేతిని ఒంటికి ఆనించి మెత్తటి గుడ్డతో కట్టి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దారిలో కట్టు వైద్యుని ఇంటి ముందు ఆగరాదు.

మన ఇళ్లలో వృద్ధులు తమ నొప్పిని తక్కువ చేసి చెబుతారు. ఖర్చు అవుతుందని కొడుకులకు, పని చెడుతుందని కోడళ్లకు భయపడి "ఏం కాలేదు బిడ్డా" అని ఊరుకుంటారు. కొడుకు దుబాయిలో, బొంబాయిలో ఉంటే ఫోనులో అసలే చెప్పరు. కాబట్టి ఇంట్లో వారే గమనించాలి. తాత అంగీ తొడుక్కోవడానికి ఇబ్బంది పడుతున్నాడా? అవ్వ నీళ్ల బిందె ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకుంటున్నదా? రెండు చేతులు ఒక్క తీరున ఉన్నాయా? తేడా కనబడితే ఈసారి అంగడికి పట్నం పోయినప్పుడే వెంట తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. ఏమీ లేదని తేలితే నిశ్చింత. ఉన్నదని తేలితే చెయ్యి వంగకముందే మందు పడుతుంది.